తలుపు పక్క కుర్చీ

సభకు పెద్దగా కూర్చున్న డాక్టరమ్మ గారికి, ఈ పూట మనం సత్కరించుకుంటున్న పంతులమ్మ గారికి, కుట్టుమిషను అక్కకి, డ్రైవరు గారికి, ముందు వరుసలో ఉన్న పెద్దలకి, వెనక వరుసల్లో తమ తమ మనుషుల చేతులు పట్టుకుని కూర్చున్న ఇళ్ళవాళ్ళకి, ఆ చేతులు విడిపించుకుని ఎప్పుడు లేచి వెళ్ళిపోదామా అని చూస్తున్న మా గది మనుషులకి కూడా, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నాకు మైకు ముందు నిలబడే అలవాటు లేదు. ఇళ్ళవాళ్ళ తరఫున ఒకరు మాట్లాడాలి అనుకున్నప్పుడు అందరూ మా వదిన పేరే చెప్పారు. ఆవిడ, "నేను మొదలుపెడితే ఆపడం ఉండదు, మా మరిది అయితే అసలు మొదలే పెట్టడు, సభ తొందరగా అయిపోతుంది" అని నన్ను ముందుకు తోసింది. (నవ్వులు) నవ్వకు వదినా, నువ్వన్న మాటేగా.

ఈ ముగ్గురి గురించి మంచి మాటలు డాక్టరమ్మ గారు చెప్పేశారు. పొగడటం నాకు చేతకాదు. నేను చెప్పగలిగింది ఒక్క సంగతి. డ్రైవరు గారు ఒకసారి నా పేరు మీద, నాకు తెలియకుండా, ఇంకొకరికి మాట ఇచ్చేశారు. ఆ మాట ఏమైందో చెబుదామని వచ్చాను. పొద్దున ఆయనతో ఈ సంగతి అంటే, "ఇంకేమైనా చెప్పుకో బాబూ, నలుగురిలో అది మాత్రం ఎత్తకు" అన్నారు. ఎత్తుతున్నాను. ఆయన వేదిక మీద ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేవారేమో, కానీ ఆ కుర్చీ ఖాళీగా ఉంది చూడండి. ఆయన వెనక వరుసలో, తలుపు పక్కన, మా అన్నయ్య దగ్గర కూర్చున్నారు. సత్కారం జరుగుతున్నా ఆయన చోటు అదే.

కొత్తగా వచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టి కొంచెం వెనక నుంచి చెబుతాను. ఈ జబ్బుని డాక్టర్లు డిమెన్షియా అంటారు. మా ఇళ్ళల్లో ముందు దాన్ని మొండితనం అన్నాం, తర్వాత వయసు అన్నాం, ఆ తర్వాత ఏ పేరూ పెట్టకుండా వీధి తలుపుకి బయటినుంచి గొళ్ళెం పెట్టడం నేర్చుకున్నాం. అలాంటప్పుడు డాక్టరమ్మ గారు లైబ్రరీ వాళ్ళని అడిగి, వెనక పాత పేపర్లు కట్టలు కట్టి పడేసే గదిని ఖాళీ చేయించి, సోమవారం, గురువారం పగలంతా మా మనుషుల్ని అక్కడ కూర్చోబెట్టుకుంటాం, మీరు కాస్త ఊపిరి పీల్చుకోండి అన్నారు. చూసుకోవడానికి ఈ ముగ్గురూ వచ్చారు. ఎవరూ పిలవలేదు. పిలిచినవాళ్ళు రాలేదు, అది వేరే సంగతి. ముందు వరుసలో కొందరు నేల చూస్తున్నారు, మీ గురించి కాదు లెండి. (నవ్వులు)

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. 'కాదు' అనే మాట గడప బయట వదిలేసి రావాలి. ఒకాయన పేపరు తిరగేసి పట్టుకుని చదువుతుంటే, చదువుకోనివ్వాలి. ఒకామె చనిపోయిన అక్క ఇంకా రాలేదేమిటని అడిగితే, చనిపోయిందిగా అని చెప్పకూడదు. మీ అక్క ఏ పాట బాగా పాడేది, ఎలా నవ్వేది అని అడగాలి. చెప్పడం తేలిక. పంతులమ్మ గారికే మొదట్లో అది పట్టుబడలేదు. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి కదా, గదిలో ఒక నల్లబల్ల పెట్టించి, దాని మీద తేదీ, వారం రాసి, ఒక్కొక్కరినీ లేపి అడిగేవారు. కోర్టులో గుమాస్తాగా చేసిన ఒక పెద్దాయన లేచి, తిన్నగా నడిచి వెళ్ళి, తేదీ మొత్తం చేత్తో తుడిచేసి, "ఈ వాయిదా కుదరదమ్మా, ఇంకోటి వేయించండి" అన్నాడు. (నవ్వులు) ఆ రోజు నుంచి బల్ల మీద తేదీ లేదు. ఎండగా ఉంటే ఎండ అని, వానగా ఉంటే వాన అని రాస్తారు. కిటికీలోంచి చూసి ఎవరైనా సరిగ్గా చెప్పగలరు. అంతకంటే మంచి పరీక్ష పంతులమ్మ గారు ఎప్పుడూ పెట్టి ఉండరు.

కుట్టుమిషను అక్క సంగతి వేరు. ఆవిడ మాట్లాడదు. ఇప్పుడు కూడా చూడండి, తలొంచుకుని కొంగు అంచు చూసుకుంటోంది. ఆమె దగ్గరికి వచ్చే ఒక పెద్దమ్మకి చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి పీకుతాయి, చింపుతాయి. అక్క ఆమెకు ఒక దిండు గలీబు ఇచ్చి అంచు కుట్టమంది. పెద్దమ్మ చక్కగా కుట్టి ఇచ్చింది. అక్క దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, మళ్ళీ వచ్చిన రోజు అదే గలీబు ఇచ్చింది. ఇప్పటికీ అదే గలీబు. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఎందుకక్కా, కొత్త గుడ్డ ఇవ్వచ్చుగా" అన్నాను. "కొత్త గుడ్డయితే భయపడుతుంది బాబూ, దీనికి చెయ్యి అలవాటైపోయింది" అంది. అక్కా, ఈ ఒక్కటీ చెప్పినందుకు కోపం తెచ్చుకోకు.

ఇక డ్రైవరు గారు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. ఆయన కుర్చీ తలుపు పక్కన ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి గదిలో ఒక్కొక్కరికీ ఇంటికి వెళ్ళాలనిపిస్తుంది. ఏ ఇంటికి అంటే చెప్పలేరు. కొందరికి పుట్టిల్లు, కొందరికి ఎప్పుడో పడగొట్టేసిన ఇల్లు. లేచి తలుపు దగ్గరికి వస్తారు. ఆయన, "రండి, రండి, బండి బయల్దేరుతోంది" అని తనే ముందు లేచి, వాళ్ళని లైబ్రరీ ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిప్పి, కుళాయి దగ్గర ఆపి నీళ్ళు తాగించి, మళ్ళీ అదే తలుపు దగ్గరికి తెచ్చి, "ఇదుగో, దిగండి, జాగ్రత్తగా" అంటారు. దిగుతారు. వచ్చి కూర్చుంటారు. ఒకావిడ మాత్రం, "ఈ డ్రైవరు ఎప్పుడూ ఒక చోటికే తెస్తాడు" అని గొణుగుతుంది. ఆవిడకి అంత బాగా గుర్తుంది. (నవ్వులు)

ఇప్పుడు మా సంగతి.

మా నాన్న ఒక బోరు వేయించి వెళ్ళిపోయాడు. మోటారు ఒకటి, పొలాలు రెండు, షెడ్డుకి తాళం ఒకటి, చెవులు రెండు. అన్నయ్య దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. నీళ్ళు బాగా అడుగంటిన ఒక వేసవిలో నేను నారు పోసుకున్నాను. ఒక పొద్దున వెళ్ళి చూస్తే షెడ్డుకి కొత్త తాళం ఉంది. నా చెవి పట్టలేదు. నారు ఎండిపోయింది. ఎందుకు వేశాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వేరే బోరు వేసుకున్నాను. రెండు పొలాలకీ మధ్య గట్టు ఒక్కటే కాబట్టి రోజూ ఎదురయ్యేవాళ్ళం. ఎవరు ముందు చూస్తే వాళ్ళు గట్టు దిగి చేలోంచి నడిచేవాళ్ళం. అందులో మాత్రం ఎప్పుడూ గొడవ రాలేదు. పిల్లల పెళ్ళిళ్ళకి వదిన మా ఇంటికి వచ్చింది, నా భార్య వాళ్ళింటికి వెళ్ళింది. మేమిద్దరం కదల్లేదు. ఎవరిది తప్పో ఇక్కడ తేల్చబోవడం లేదు. ఆయన వైపు మాటలు ఇప్పుడు ఆయన దగ్గర లేవు. ఒక్క వైపే చెప్పి సభలో మార్కులు కొట్టేయడం బాగుండదు.

జబ్బు సంగతి నాకు గట్టు మీదే తెలిసింది. ఒకరోజు ఎదురొచ్చాడు, దిగలేదు. నేనే దిగాను. మర్నాడూ దిగలేదు. పొగరు పెరిగిందనుకున్నాను. తర్వాత షెడ్డు దగ్గర నిలబడి, తీసి ఉన్న తాళంలో చెవి పెట్టి తిప్పుతూ ఉండటం చూశాను. ఇంటికొచ్చి నా భార్యతో కూడా చెప్పలేదు. వదిన తనే కనుక్కుని ఆయన్ని ఈ గదికి తీసుకురావడం మొదలుపెట్టింది. వదినని మీకు చెప్పక్కర్లేదు. "మీ అన్నయ్య నన్ను పక్కింటావిడ అనుకుంటున్నాడు, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి అంటున్నాడు, కాపరానికి వచ్చాక ఇంత మర్యాద ఇప్పుడే చూస్తున్నా" అని నా భార్యతో చెప్పి నవ్వి, నవ్వుతూనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయిందట.

గదిలో అన్నయ్య డ్రైవరు గారిని చూసి, "ఒరేయ్ తమ్ముడూ, ఎప్పుడొచ్చావురా" అన్నాడు. పోలిక ఏమైనా ఉందా అంటే, మీరే చూడండి, ఆయన పొడుగు, నేను పొట్టి, ఆయనకి మీసం ఉంది, నాకు తల మీద జుట్టు కూడా లేదు. (నవ్వులు) పద్ధతి ప్రకారం ఆయన, "ఇప్పుడే అన్నయ్యా" అన్నారు. అక్కడి దాకా బాగానే ఉంది. ఒక గురువారం అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, ఆ తాళం నేనే వేశానురా. నీ నారు ఎండిపోయిందా?" అని అడిగాడు. ఆ మనిషికి తాళం ఏమిటో తెలీదు, నారు ఏమిటో తెలీదు. అన్నయ్య కళ్ళలో నీళ్ళు తెలుసు. "లేదన్నయ్యా, బతికింది. నాకేం కోపం లేదు" అనేశారు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. నేను వాకిట్లో మందు కొట్టే పంపు విప్పి కడుగుతున్నాను.

"ఆయన తమ్ముడివి నువ్వేనా?" అన్నారు.

"ఆయనకి తమ్ముడున్నాడని ఎవరన్నారు?"

"ఆయనే. కాకపోతే నన్ను అంటున్నాడు. అసలు మనిషివి నువ్వు కదా, నీకు చెప్పి పోదామని వచ్చా." జరిగిందంతా చెప్పారు.

"నారు బతికిందని చెప్పావా?" అన్నాను. అప్పటికి నాకు ఆయన మీద మర్యాద లేదు.

"చెప్పాను."

"ఒక్క మొక్క మిగల్లేదు."

"నాకేం తెలుసయ్యా. ఆయన మొహం చూసి చెప్పాను. నీ మొహం చూసుంటే ఏం చెప్పేవాణ్ణో."

"కోపం లేదని కూడా చెప్పావా?"

"చెప్పాను."

"ఉంది."

"కనబడుతూనే ఉంది." (నవ్వులు)

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ సంగతి, నేను ఒక్కణ్ణే మోసిన సంగతి, ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ఒక్క ముక్కలో తీసేశాడు. "నా మాట ఇవ్వడానికి నువ్వెవరు? రేపటికి ఆయన ఎలాగూ మర్చిపోతాడు, నువ్వూ మర్చిపో, వెళ్ళు" అన్నాను.

ఆయన వెళ్ళలేదు. అరుగు మీద కూర్చున్నారు. "తప్పే. బస్సు నడిపినన్నాళ్ళూ ఒకడి సీట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టలేదు, ఇవాళ కూర్చోబెట్టాను. కానీ ఒకటి విను. ఆయన మర్చిపోయేది నేను చెప్పిన జవాబు. అడగడం మర్చిపోవడం లేదు. పొద్దున అడిగాడు, మధ్యాహ్నం అడిగాడు, నేను వచ్చేసేటప్పుడు అడిగాడు. అడిగిన ప్రతిసారీ ఆ నారు ఆయనకి అప్పుడే ఎండిపోతోంది. నా సొంత అబద్ధమయితే ఎన్నిసార్లయినా చెబుతాను. ఇది నీ పేరు మీద చెప్పాలి. నువ్వు సరే అనాలి, లేదా వద్దనాలి. వద్దంటే, నాకు తెలీదు అన్నయ్యా అని చెప్పుకుంటాను."

నేను పంపు కడుక్కుంటూ కూర్చున్నాను. కడగడానికి ఇంకేం లేకపోయినా కడిగాను. ఆయన నీళ్ళు అడిగి తాగి, చెంబు బోర్లించి లేచారు. గేటు దాకా వెళ్ళాక నేనే అన్నాను, "బతికిందనే చెప్పు" అని. కోపం పోయిందనీ అనలేదు, వస్తాననీ అనలేదు.

మర్నాడు ఆయన డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళి తను చేసింది తనే చెప్పుకున్నారు. అమ్మగారు గట్టిగానే మందలించారని విన్నాను. అమ్మా, మీరు తల ఊపుతున్నారు కాబట్టి నిజమే అయి ఉంటుంది. ఇప్పుడు గదిలో 'కాదు అనొద్దు' అన్న బోర్డు కింద ఇంకో బోర్డు ఉంది. 'ఇంకొకరి పేరున మాట ఇస్తే ఆ మనిషికి ఆ రోజే చెప్పాలి.' చాలామంది దాన్ని చూసి ఇదేం నియమం అనుకుంటారు. అది మా ఇంటి వాకిట్లో పుట్టింది.

నేను గదికి వెళ్ళడానికి ఇంకొంతకాలం పట్టింది. అన్నయ్య నా వైపు చూసి ఏమంటాడోనని గడప దగ్గరే ఆగిపోయాను. ఆయన చూశాడు. "మోటారు మెకానిక్కువి నువ్వేనా?" అన్నాడు. నేను డ్రైవరు గారి వైపు చూశాను. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశారు. "అవునండీ" అన్నాను. "షెడ్డు తాళం తీసే ఉంది, వెళ్ళి చూడు. బాగయ్యాక ముందు మా తమ్ముడి మడికి నీళ్ళు వదులు. వాడు నారు పోసుకున్నాడు" అన్నాడు. పక్కనే కూర్చున్న డ్రైవరు గారి భుజం మీద చెయ్యి వేసి, "వీడే మా తమ్ముడు" అని నాకు పరిచయం చేశాడు. ఇద్దరం ఒకరికొకరం నమస్కారం పెట్టుకున్నాం. (నవ్వులు) నవ్వండి, పరవాలేదు. అప్పుడు మాకు నవ్వు రాలేదు.

నన్ను నేను తమ్ముణ్ణని చెప్పుకోవాలనిపించింది. పంతులమ్మ గారు పక్కకి పిలిచి, "మెకానిక్కు అంటే మెకానిక్కే నాయనా, దిద్దకు. దిద్దితే ఏమవుతుందో నాకు తెలుసు" అన్నారు. అప్పట్నుంచి ప్రతి గురువారం మోటారు ఎలా ఉందో చెప్పడానికి వెళుతున్నాను. బేరింగు పోయిందంటాను, మార్చామంటాను, నీళ్ళు బాగా వస్తున్నాయంటాను. అన్నయ్య శ్రద్ధగా వింటాడు. గట్టు మీద మాట్లాడుకోకుండా పోగొట్టుకున్న మాటల్లో సగమైనా మోటారు గురించి మాట్లాడేసుకున్నాం. నాకు తమ్ముడి చోటు లేదన్న బాధ ఉందా అంటే, ఉంది. ఆ చోట్లో ఒక మంచి మనిషి కూర్చున్నాడు కాబట్టి ఓర్చుకున్నాను.

ఇప్పుడు ఆ మంచి మనిషి వెళ్ళిపోతున్నాడు. డ్రైవరు గారికి చూపు బాగా తగ్గింది. ఎదురుగా వచ్చే సైకిలు కూడా కనబడటం లేదు. వాళ్ళమ్మాయి తన దగ్గరికి వచ్చేయమంది, ఆదివారం ప్రయాణం. పంతులమ్మ గారు, అక్క ఉంటారు. తలుపు పక్క కుర్చీ మాత్రం ఖాళీ అవుతుంది. సోమవారం సాయంత్రం బండి ఎవరు తిప్పుతారు, అన్నయ్య నారు సంగతి ఎవర్ని అడుగుతాడు అని ఇంట్లో మేం అందరం అనుకున్నాం. వదిన నన్ను చూసింది. నేను పంపు వైపు చూశాను. ఈసారి కడగడానికి నిజంగానే ఏం లేదు.

నేను డ్రైవరు గారిని కలిసి, నాకు పని నేర్పమన్నాను. తలుపుకి అడ్డంగా నిలబడకు, ముందు నడు, వెనక వస్తారు అన్నారు. కుళాయి దగ్గర తప్పకుండా ఆపు అన్నారు. "అన్నయ్యకి ఎడమ పక్కన కూర్చో, కుడి చెవి వినపడదు" అన్నారు. అది నాకు తెలీదు. మేం మాట్లాడుకోని రోజుల్లో ఎప్పుడో పోయింది ఆ చెవి.

కాబట్టి సోమవారం నుంచి ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. డాక్టరమ్మ గారు ఒప్పుకున్నారు, కొన్నాళ్ళు చూసి చెబుతానన్నారు, అదీ న్యాయమే. అన్నయ్య నన్ను తమ్ముడంటాడో, మెకానిక్కు అంటాడో, ఎవరు నువ్వు అంటాడో తెలీదు. ఎవరంటే వాణ్ణి. మెకానిక్కుని నారు సంగతి అడగడు కదా అనే ఒక్క బెంగ ఉంది. అడగకపోతే జవాబు ఎవరు చెబుతారు…

(వెనక వరుస నుంచి ఒక పెద్దాయన గొంతు: "ఒరేయ్ తమ్ముడూ! నారు ఎండిపోయిందా?" సభలో కొందరు వెనక్కి తిరిగారు.)

అదుగో. మా అన్నయ్యే. క్షమించాలి, ఆయనకి ఉపన్యాసాలు నచ్చవు.

డ్రైవరు గారూ, చెప్పండి, ఆయన మిమ్మల్నే అడుగుతున్నాడు.

(డ్రైవరు గారు వేదిక వైపు చెయ్యి చూపించారు. పెద్దాయన మళ్ళీ అడిగారు.)

లేదన్నయ్యా. బతికింది. నాకేం కోపం లేదు.

(పెద్దాయన: "మైకులో చెప్పేదెవరు?")

మోటారు మెకానిక్కునండీ. మీ తమ్ముడు చెప్పమన్నాడు.

(పెద్దాయన: "సరే, సరే. కానివ్వు.")

కానివ్వమంటున్నాడు. నాకిచ్చిన టైము కూడా అయిపోయింది. పంతులమ్మ గారూ, అక్కా, మీ ఇద్దరికీ మా ఇళ్ళన్నిటి తరఫున కృతజ్ఞతలు. డ్రైవరు గారూ, నా పేరు మీద మీరిచ్చిన మాట ఇవాళ్టి నుంచి నాదే, ఇక మీరు నిశ్చింతగా వెళ్ళి రండి. ఓపిగ్గా విన్న మీకందరికీ నమస్కారం. తలుపు దగ్గర ఇప్పటికే ఇద్దరు లేచి నిలబడ్డారు, నేను వెళ్ళి బండి తియ్యాలి. సెలవు.